సంక్రాంతికి కబడ్డీ, ముగ్గులు, బుర్రకథ, పద్యనాటకం: మా ఊరి పనుల డైరీ

సంక్రాంతి మూడు రోజులూ ఊళ్లో ఆటలూ నాటకాలూ పెట్టాలనుకునే కుర్రాళ్ల కోసం ఇది రాసిపెడుతున్నా. కొలతలు, ఖర్చులు, ఎక్కడ పని చెడింది, దాన్ని ఎలా మార్చాం అన్నీ ఇందులో ఉన్నాయి. మాది తెనాలికి దగ్గర్లో వరి పండించే ఊరు. కమిటీ ఎలా పుట్టింది, ఎవరెవరు ఉన్నారు అన్నది వదిలేస్తున్నా, దానివల్ల మీకు ఉపయోగం లేదు.

మేం మొదటి నుంచీ మొండిగా పట్టుకున్నది ఒక్కటే. కబడ్డీ ఎంత సాగినా సరే, అది కళాకారుల టైమునీ ఆడపిల్లల ఆటల టైమునీ తినకూడదు. మా చుట్టుపక్కల ఊళ్లలో జరిగేది అందరికీ తెలుసు. సాయంత్రం నుంచి ముఖానికి రంగేసుకుని కూర్చున్న నటులతో రాత్రి పదకొండుకి "ఇక కానివ్వండి" అంటారు. అప్పటికి ముందు వరసలో నిద్రపోతున్న పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. స్థానం నరసింహారావు గారు ఆడవేషాలతో జనాన్ని కట్టిపడేసిన ప్రాంతం ఇది, బుర్రకథకి పేరు తెచ్చిన షేక్ నాజర్ గారి పొన్నెకల్లు కూడా మా గుంటూరు జిల్లాలోదే. ఇలాంటి చోట పద్యం పాడేవాళ్లకి ఆ గతి పట్టకూడదని మా పట్టుదల. కింద చెప్పిన మార్పుల్లో సగానికి పైగా దీనికోసం చేసినవే.

దశ 1: గ్రౌండు

కోసిన పొలంలో కోర్టు వేద్దామని ఎవరో ఒకరు ఎప్పుడూ అంటారు. మా డెల్టాలో అది కుదరదు. వరి కోతకి ముందే చేలో మినుము, పెసర చల్లేస్తాం కాబట్టి జనవరికి పొలం నిండా మొక్క ఉంటుంది. అందుకని హైస్కూలు గ్రౌండు అడిగాం. గదులు ఎలా ఇచ్చారో అలా అప్పగించాలని, గేటు లోపలికి మందు రాకూడదని రాయించుకుని తాళాలిచ్చారు. న్యాయమైన షరతులే.

నేల మాత్రం ఏడిపించింది. నల్లరేగడి కదా, వానలు ఆగాక బిగిసి, వేలు దూరేంత పగుళ్లిచ్చింది. మొదట ఆ నేల మీదే నీళ్లు కొట్టి రోలర్ తిప్పాం. పైన అంగుళం మేర మెత్తబడింది, కింద రాయిలా ఉండిపోయింది, మర్నాటికి ఆ పైపొర పెచ్చులుగా లేచింది. దాని మీద పడితే మోకాళ్లు చీరుకుపోతాయి. ఇక ఎర్రమట్టి తోలించక తప్పలేదు.

లెక్క ఇలా వేశాం. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టూ మీటరు చొప్పున కలిపితే 15 × 12, అంటే 180 చదరపు మీటర్లు. మూడంగుళాల మందం పోయాలంటే పదమూడున్నర ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాక్టర్ ట్రక్కుకి సుమారు వంద ఘనపుటడుగులు, అంటే 2.8 ఘనపు మీటర్లు పడుతుంది. లెక్క ప్రకారం ఐదు ట్రక్కులు చాలు, కానీ రోలర్ తిప్పాక మట్టి అణుగుతుంది కాబట్టి ఆరు తోలించాం. సరిపోయి, కాస్త మిగిలింది.

చేసిన వరస:

1. పాత నేలని ట్రాక్టర్ గొర్రుతో గీకించాం. దీనివల్ల కొత్తమట్టి పాతదాన్ని పట్టుకుంటుంది. ఇది చేయకపోతే కొత్తమట్టి చాపలా జారుతుంది.
2. ఎర్రమట్టిని ఇసక జల్లెడలో వేసి జల్లించాం. రెండు గమేళాల గాజుపెంకులు, మేకులు, సీసా మూతలు వచ్చాయి. ఈ పని ఎంత విసుగ్గా ఉన్నా వదలొద్దు, ఆడేవాళ్లందరూ వట్టికాళ్లతో ఆడతారు.
3. మట్టిలో రంపపు పొట్టు కలిపాం. ఊక కూడా కలిపి చూశాం, అది ఒంటికి గుచ్చుకుంటోందని తీసేశాం.
4. సాయంత్రం తడిపి, పొద్దున్నే రోలర్ తిప్పాం. మట్టి చేతికి అంటుతుంటే ఇంకా ఆగాలి, అంటకుండా నొక్కుకుంటుంటే తిప్పొచ్చు.

తర్వాత గీతలు. ప్లాస్టిక్ తాడుతో కొలిచి గీస్తే రెండు కర్ణాలకీ జానెడు తేడా వచ్చింది. తాడు లాగినకొద్దీ సాగుతుంది మరి. ముప్పై మీటర్ల స్టీలు టేపు తెప్పించి, ఒక మూలలో 3-4-5 లెక్కన లంబకోణం సరిచేసి మళ్లీ గీశాం. 13 × 10 కోర్టుకి రెండు కర్ణాలూ 16 మీటర్ల 40 సెంటీమీటర్లు రావాలి. అది వచ్చేదాకా మేకులు దిగ్గొట్టొద్దు. మధ్యగీత నుంచి, కూతకెళ్లినవాడు (రైడర్) దాటాల్సిన బాక్ లైను 3.75 మీటర్లు, అక్కడి నుంచి ఇంకో మీటరుకి బోనస్ లైను, రెండు పక్కలా మీటరు చొప్పున లాబీ. ఆడవాళ్ల కోర్టు 12 × 8, అందులో బాక్ లైను 3 మీటర్ల దగ్గర. ఒకే నేల మీద రెండు కోర్టులూ గీస్తే ఆడేవాళ్లకీ రిఫరీకీ తికమక. అందుకే ఏ రోజు ఎవరి ఆట ఉంటే ఆ రోజు వాళ్ల గీతలే ఉంచాం.

గీతలకి సున్నం వాడొద్దు. పడినవాళ్ల కళ్లలోకి, గీరుకుపోయిన చర్మంలోకి వెళ్తే కాలుతుంది. ఇళ్ల ముందు వేసే ముగ్గుపిండి చాలు. నవారు టేపు మేకులతో కొడదామన్నారు కొందరు, బొటనవేళ్లు తెగుతాయని వద్దన్నాం. అడుగున చిల్లులు పొడిచిన డబ్బా, పక్కన లాగిపట్టిన తాడు ఉంటే ఇద్దరు మనుషులు హాఫ్‌టైమ్ ఐదు నిమిషాల్లో చెరిగిన గీతలన్నీ మళ్లీ వేసేస్తారు.

ఖర్చు: మట్టి 6 ట్రక్కులు 7,200, నీళ్ల ట్యాంకర్లు 1,800, రోలర్ 1,500, ముగ్గుపిండి 600, టేపు, తాళ్లు, మేకులు 900.
ఇప్పటిదాకా మొత్తం: 12,000

దశ 2: లైట్లు, మైకు, వేదిక

మొదట వచ్చిన లైట్లు 400 వాట్ల మెటల్ హేలైడ్‌వి, ఎనిమిది. వెలుతురు బాగానే ఉంది. ట్రయల్ వేస్తుండగా కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది, అంతే, లైట్లు మాత్రం వెలగలేదు. ఆ రకం లైటు ఒకసారి ఆరితే చల్లబడేదాకా మళ్లీ అంటుకోదు, మాకు ఎనిమిది నిమిషాలు పట్టింది. మ్యాచ్ మధ్యలో అలా జరిగితే గొడవే. వెంటనే వాటిని వెనక్కి పంపి 200 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు ఎనిమిది తీసుకున్నాం. లోడు 3,200 వాట్ల నుంచి 1,600 వాట్లకి తగ్గింది కూడా. జనరేటర్ 10 కేవీఏ, అంటే చేతికొచ్చేది 8 కిలోవాట్లు. లైట్లు, మైకు, వేదిక మీద బల్బులు అన్నీ కలిపినా అందులో సగం దాటలేదు.

లైట్ల స్తంభాలు ముందు నాలుగు మూలలా పాతారు. రైడర్ అవతలి కోర్టులోకి వెళ్తుంటే ఎదురుగా లైటు కళ్లల్లో పడి డిఫెండర్లు నల్లటి నీడల్లా కనిపిస్తున్నారు. స్తంభాల్ని కోర్టు పొడవు పక్కలకి మార్చి, ఇరవై అడుగుల ఎత్తులో కిందికి వంచి కట్టించాం. ఈ మార్పుకి పైసా ఖర్చు లేదు, ఒక పూట పని.

వేదిక 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు. ముఖం పొలాల వైపు తిప్పాం, ఊరి వైపు కాదు. మైకు పర్మిషన్‌కి స్టేషన్‌లో అర్జీ ఇచ్చేటప్పుడు ఇది కూడా రాశాం. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండగలప్పుడు అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది కానీ అది ఏడాదికి 15 రోజులు దాటకూడదు. మేం ఆ సడలింపు మీద ఆశపెట్టుకోలేదు. పదింటికి మైకు ఆపేస్తామనే లెక్కతోనే టైమ్ టేబుల్ వేసుకున్నాం. దానివల్ల ప్రతి నిమిషానికీ విలువ వచ్చింది.

ఇంకో సంగతి, జనం కూర్చునే చోట పైన కూడా షామియానా వేయించండి. జనవరిలో ఎనిమిది దాటితే మంచు కురుస్తుంది. కుర్చీలు తడిసిపోయి, పెద్దవాళ్లు దగ్గుకుంటూ లేచి వెళ్లిపోతారు.

ఖర్చు: వేదిక, షామియానా 14,000, కుర్చీలు 300 చొప్పున మూడు రోజులకి 7,200, మైక్‌సెట్ 12,000, లైట్లు, జనరేటర్ అద్దె 11,000, డీజిల్ 4,300. కలిపి 48,500.
ఇప్పటిదాకా మొత్తం: 60,500

దశ 3: డ్రా, టైమ్ టేబుల్

మగవాళ్ల కబడ్డీకి 11 జట్లు వచ్చాయి. నాకౌట్ అయితే ఎన్ని జట్లున్నా అంతకు ఒకటి తక్కువ మ్యాచ్‌లు, అంటే పది. 2, 4, 8, 16 వరసలో పదకొండుకి పైనున్న 16 లోంచి 11 తీసేస్తే 5, అంటే ఐదు జట్లకి బై, మొదటి రౌండ్ ఆడకుండానే క్వార్టర్స్‌కి వెళ్తాయి. మొదటి రౌండ్ 3 మ్యాచ్‌లు, క్వార్టర్స్ 4, సెమీస్ 2, ఫైనల్ 1. చీటీలు అందరు కెప్టెన్ల ముందు, ఏడో తరగతి పిల్లాడితో తీయించండి. బై వచ్చిన జట్టు మీద తర్వాత ఎవరూ నోరెత్తరు.

ఆడపిల్లల జట్లు నాలుగే వచ్చాయి. నాకౌట్ పెడితే మూడు మ్యాచ్‌లతో అయిపోతుందని, టైమ్ కలిసొస్తుందని కమిటీలో ఒక వాదన. నేను గట్టిగా అడ్డం పడ్డాను. పది పదిహేను కిలోమీటర్లు ఆటోలో వచ్చి, అరగంట ఆడి, ఓడి ఇంటికెళ్లడానికా ఆ పిల్లలు ఏడాదంతా ప్రాక్టీస్ చేసింది? లీగ్ పెట్టాం. నాలుగు జట్లకి ఆరు మ్యాచ్‌లు, ప్రతి జట్టుకీ మూడు. హాఫ్ పది నిమిషాలు, మధ్యలో మూడు, జట్లు మారడానికి ఏడు, అంటే మ్యాచ్‌కి అరగంట. మొత్తం మూడు గంటలు.

ఆ జట్ల పీఈటీ మేడంలు ఫోన్ చేసినప్పుడు అందరూ ముందుగా అడిగింది ప్రైజు గురించి కాదు, "బట్టలు మార్చుకోవడానికి గది ఉందా సార్, బాత్రూంలో నీళ్లొస్తాయా?" అని. లోపల గడియ పడే తరగతి గది ఒకటి, పక్కనే బాత్రూం, డ్రమ్ముతో నీళ్లు, ఒక పెద్దావిడని కాపలా పెట్టాం. ఈ మాట కరపత్రంలోనే వేసి ఉంటే ఇంకో రెండు జట్లు వచ్చేవని ఒక మేడం చెప్పారు. మీరు వేయండి.

టైమ్ టేబుల్:

భోగి: పొద్దున 7:30 ముగ్గులు, మధ్యాహ్నం 2 నుంచి మగవాళ్ల కబడ్డీ ఏడు మ్యాచ్‌లు, రాత్రి 7 బుర్రకథ.
సంక్రాంతి: పొద్దున ఏమీ లేదు, ఇళ్లల్లో పెద్దలకి పెట్టుకునే రోజు. 3 నుంచి 6 ఆడపిల్లల కబడ్డీ, 7 గంటలకి పద్యనాటకం.
కనుమ: 4 నుంచి సెమీస్, కోలాటం, ఫైనల్, ప్రైజులు.

ఖర్చు: రిఫరీలుగా వచ్చిన పీఈటీ మాస్టార్లు నలుగురికి మూడు రోజులకి 8,400, మందుల పెట్టె, ఐస్ 1,850, కరపత్రాలు, రసీదు పుస్తకాలు 1,200. కలిపి 11,450.
ఇప్పటిదాకా మొత్తం: 71,950

దశ 4: భోగి

ముగ్గులు. ముప్పై మంది పేర్లిచ్చారు. ఒక్కొక్కరికి ఆరడుగుల చదరం, మధ్యలో రెండడుగుల ఎడం. వరసకి పదిహేను చొప్పున సిమెంటు రోడ్డుకి రెండు పక్కలా వేస్తే 120 అడుగుల వీధి సరిపోయింది. వెడల్పు 18 అడుగులుంటేనే మధ్యలో జడ్జీలు నడవగలరు. రోడ్డుని ముందురోజు సాయంత్రమే కడిగించాం. పొద్దున కడిగితే మంచుకి ఆరదు, ముగ్గు ముద్దకడుతుంది. పాల వ్యాన్ ఒకటి నేరుగా వచ్చేసి మూలనున్న చదరాల మీదుగా ఎక్కబోయింది, కుర్రాళ్లు పరిగెత్తి ఆపారు. వీధి రెండు చివర్లా వాసాలు అడ్డం కట్టి ఒక మనిషిని నిలబెట్టండి.

ఇక్కడ మేం చేసిన ముఖ్యమైన మార్పు పోటీని రెండుగా విడగొట్టడం. మెలికల ముగ్గులు వేరు, రంగుల ముగ్గులు వేరు. అన్నీ కలిపి పెడితే ఎప్పుడూ నెమళ్లు, కుండలు, రంగులు నింపిన బొమ్మలే గెలుస్తాయి. చుక్కల మధ్య చెయ్యెత్తకుండా మెలిక తిప్పే పెద్దావిడలకి ఏ ఏడూ ప్రైజు రాదు. విడగొట్టాక చూడాలి, డెబ్భై ఏళ్లావిడ ఒకరు నేల మీద గొంతుక్కూర్చుని, బొటనవేలు చూపుడువేలు మధ్య నుంచి పిండి జారవిడుస్తూ ఎక్కడా సన్నం లావు కాని ఒకే గీతతో పదిహేను చుక్కలూ చుట్టుకొచ్చారు. జడ్జీలు గీత తెగిన చోటు కోసం వంగి వెతికారు, దొరకలేదు. జడ్జీలని వేరే ఊరి నుంచి పిలవండి, చదరం దగ్గర పేరు కాకుండా నంబరే ఉంచండి.

కబడ్డీ. రెండింటికి పిలిస్తే మొదటి మ్యాచ్ 2:20కి మొదలైంది, 3:28కి ముగిసింది. హాఫ్‌కి ఇరవై నిమిషాలు, మధ్యలో ఐదు, కాగితం మీద నలభై ఐదు. కానీ టైమౌట్లు, బోనస్ లైను మీద వాదనలు, మోకాలికి ఐస్, అన్నీ కలిసి 68 నిమిషాలు తిన్నాయి. ఈ లెక్కన ఏడు మ్యాచ్‌లు రాత్రి పదింటికి కూడా తెమలవు. అక్కడికక్కడే పదకొండుమంది కెప్టెన్లనీ కూర్చోబెట్టాం.

1. ఫైనల్ తప్ప మిగతా మ్యాచ్‌లన్నీ హాఫ్‌కి పదిహేను నిమిషాలు. అప్పటికే ఓడిన జట్టు కెప్టెన్ కూడా సంతకం పెట్టాడు, అతని పెద్దమనసు.
2. రిఫరీ నిర్ణయం మీద కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. ఇంకెవరు కోర్టులోకి వచ్చినా ఎదుటి జట్టుకి ఒక పాయింటు.
3. తర్వాతి రెండు జట్లూ ముందు మ్యాచ్ రెండో హాఫ్ మొదలయ్యేసరికి గీత పక్కన ఉండాలి.
4. ఏడింటికి నడుస్తున్న మ్యాచ్ పూర్తిచేసి ఆపేస్తాం. మిగిలినవి కనుమ పొద్దున.

నాలుగో దాని మీద చాలా గొడవైంది. "జనం ఇక్కడుంటే అక్కడ బుర్రకథ ఎవరు చూస్తారు" అన్నారు. అందుకే ఆపేది అని చెప్పాం. మ్యాచ్ యాభై ఐదు నిమిషాల చొప్పున పడి 7:10కి ఐదోది ముగిసింది. రెండు క్వార్టర్స్ కనుమకి వెళ్లాయి. కోర్టు లైట్లు ఆర్పేశాం. లైటు ఆరితే జనం తమంతట తామే వేదిక వైపు నడుస్తారు, మైకులో బతిమాలక్కర్లేదు.

బుర్రకథ. మైక్‌సెట్టు అతను చేత్తో పట్టుకునే మైకులు రెండు తెచ్చాడు. కథకుడికి ఒక భుజాన తంబూరా, రెండో చేతి వేళ్లకి అందెలు, పైగా ఒకచోట నిలబడడు, ముందుకీ వెనక్కీ అడుగులేస్తూనే కథ చెబుతాడు. పక్కన వంత పాడే ఇద్దరి (వంతల) చేతులూ గుమ్మెట అనే చర్మవాద్యం మీద ఉంటాయి. చేతి మైకు ఎవరు పట్టుకుంటారు? కథకుడికి కాలర్ మైకు తెప్పించి, వంతలకి చెరొక స్టాండు పెట్టాం. స్టాండు ఛాతీ ఎత్తులో పెడితే గుమ్మెట మోతే వినిపించింది, హాస్యం చెప్పే వంత మాట ఒక్కటీ అందలేదు. నోటి ఎత్తుకి పెంచాక సరిపోయింది. గుమ్మెటకి మైకు అక్కర్లేదు, అది ఊరంతా వినిపిస్తుంది.

మంచుకి గుమ్మెట చర్మం వదులైపోయి మోత చచ్చుబడుతుందని వాళ్లు ముందే చెప్పారు. వేదిక వెనక ఇనప బొచ్చెలో నిప్పులు పోసి, మధ్యమధ్యలో కాచుకునే ఏర్పాటు చేశాం. పక్కనే రెండు బకెట్ల నీళ్లు కూడా. షామియానా గుడ్డ ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పక్కర్లేదు.

ఇంత చేసినా బుర్రకథ 7:40 దాకా మొదలవలేదు. కబడ్డీ వల్ల కాదు, సన్మానాల వల్ల. వేదిక మీదికి పిలిచిన పెద్దమనుషులు ఒక్కొక్కరూ "రెండు మాటలు" మాట్లాడేసరికి ఇరవై ఐదు నిమిషాలు పోయింది. కథ చివర యుద్ధ ఘట్టాన్ని వాళ్లు పరుగులు పెట్టించాల్సి వచ్చింది. బుర్రకథలో జనం ఎదురుచూసేదే అది. నాకు చాలా బాధేసింది. ఆ రాత్రే రాసుకున్నాం: ప్రదర్శనకి ముందు ప్రసంగాలుండవు. అతిథులకి దండ, శాలువా కనుమ రోజు ప్రైజుల దగ్గరే. ఈ సంగతి పిలిచేటప్పుడే వాళ్లకి చెప్పాలి.

ఖర్చు: బుర్రకథ బృందానికి 12,000, ముగ్గుల ప్రైజులు రెండు విభాగాలకీ కలిపి 6,000, పాల్గొన్న ముప్పై మందికీ స్టీలు డబ్బాలు 3,000, ఆటగాళ్లకి టిఫిన్లు, మజ్జిగ 3,500. కలిపి 24,500.
ఇప్పటిదాకా మొత్తం: 96,450

దశ 5: సంక్రాంతి

మధ్యాహ్నం కోర్టుని 12 × 8కి మార్చి గీశాం. భోగి రోజు మగవాళ్ల తొక్కుడికి మధ్యగీత దగ్గర మట్టి అంగుళంన్నర లోతు పోయింది. మిగిలిన మట్టి పోసి దిమ్మిసతో కొట్టాం. ఒక అర ట్రక్కు మట్టి పక్కన దాచుకోండి, రోజూ అవసరం పడుతుంది.

ఆడపిల్లల ఆరు మ్యాచ్‌లు అనుకున్న మూడు గంటలకి బదులు మూడు గంటల ఇరవై నిమిషాల్లో అయ్యాయి. అరిటాకుల భోజనాలు ముగించుకుని ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు, మగవాళ్ల మ్యాచ్‌లకి వచ్చినంత జనం వచ్చారు. మొదటి మ్యాచ్ చిత్తుగా ఓడిన జట్టు, మూడోదానికొచ్చేసరికి ఎదుటివాళ్లని ఆలౌట్ చేసి, అలా చేసినందుకు వచ్చే లోనా రెండు పాయింట్లూ కొట్టింది. నాకౌట్ పెట్టి ఉంటే ఆ ఆట ఎవరూ చూసేవాళ్లు కాదు. రెండు జట్లు చెరో రెండు గెలిచి సమానమైతే పాయింట్ల తేడా చూడాలని ముందే రాసిపెట్టుకున్నాం, అది అక్కరకొచ్చింది.

పద్యనాటకం. నాటక సమాజం వాళ్లు మామూలుగా రాత్రంతా ఆడే నాటకం. పదింటిలోపు ముగించాలంటే మొదట ఒప్పుకోలేదు. హార్మోనిస్టు గారు "బాబూ, ఒక్క పద్యానికి రాగం తీస్తేనే ఐదు నిమిషాలు, మీరు గడియారం చూపిస్తే ఎట్లా" అన్నారు. ఆయన మాట నిజమే. అందుకని పద్యాలు తగ్గించమనలేదు, మధ్యలో వచ్చే చిన్న రంగాలు ఏవి తీసేయొచ్చో వాళ్లనే తేల్చమన్నాం. రెండుంపావు గంటలకి కుదిరింది.

వాళ్ల కోసం చేసినవి:

1. రంగు వేసుకోవడానికి మూడు గంటల నుంచే గది, నిలువుటద్దం, రెండు పెద్ద బల్బులు, కొబ్బరినూనె, సబ్బు, వేడినీళ్లు. కిరీటాలు పెట్టుకున్నాక గది గుమ్మం వంగకుండా దాటేలా ఉందో లేదో చూసుకోండి.
2. హార్మోనియానికీ తబలాకీ విడిగా మైకులు. పాడేవాళ్ల కోసం వేదిక ముందంచున మూడు స్టాండులు. బాక్సులు మైకుల వరసకి ముందుండాలి, వెనకుంటే కుయ్యిమని కూత పెడుతుంది.
3. ఆరున్నరకే భోజనం కాదు, తేలికగా టిఫిన్. భోజనం నాటకం అయ్యాక. పాడేవాళ్లు కడుపునిండా తిని పాడలేరు.
4. చదివింపులు రంగం మధ్యలో చదవకూడదు. ఎవరు ఎంత ఇచ్చినా రాసుకుని, తెర పడ్డాక ఒకేసారి చదివాం.

నాలుగోదానికి కొందరు చిన్నబుచ్చుకున్నారు. పద్యం నచ్చి వంద రూపాయలు జేబుకి గుచ్చే అలవాటు ఈనాటిది కాదు, అందులో ప్రేమ ఉంది. కానీ కోపంతో ఊగిపోతున్న పాత్రని ఆపి మైకులో పేర్లు చదువుతుంటే ఆ నటుడు మళ్లీ ఆ ఊపు తెచ్చుకోవడం ఎంత కష్టమో పక్కనుండి చూస్తేనే తెలుస్తుంది. వన్స్‌మోర్లు మాత్రం ఆపలేదు. ఆరు పడ్డాయి, ఒక్కోటి నాలుగు నిమిషాలు, మొత్తం ఇరవై నాలుగు. సరిగ్గా ఏడింటికి తెర లేచింది, 9:40కి మంగళం పాడారు. తొమ్మిదింటికి కుర్చీలు లెక్కపెట్టించాను, మూడొందలూ నిండి, వెనక టార్పాలిన్ల మీద కూడా జనం ఉన్నారు. భోగి రాత్రి అదే సమయానికి వంద దాటలేదు.

ఖర్చు: నాటక సమాజానికి 28,000, ఆడపిల్లల జట్లకి ఆటోలు 6,000, కళాకారుల భోజనాలు 2,400. కలిపి 36,400.
ఇప్పటిదాకా మొత్తం: 1,32,850

దశ 6: కనుమ

పొద్దున ఎనిమిదింటికి క్వార్టర్స్ పెడితే మంచుకి కోర్టు జారుతోంది. రైడర్ తిరగబోయి పక్కకి పడ్డాడు, అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. ఆపేసి, పైన పొడిమట్టి చల్లి, ఎండ పడ్డాక తొమ్మిదిన్నరకి మళ్లీ మొదలుపెట్టాం. రాత్రిళ్లు కోర్టు మీద టార్పాలిన్ కప్పితే ఇది ఉండదు.

కోలాటం వేదిక మీద అనుకున్నాం. ఇరవై నాలుగు మంది లోపల ఎనిమిది, బయట పదహారుగా తిరుగుతారు. బయట వలయంలో మనిషికి నాలుగడుగులు వదిలితే చుట్టుకొలత 64 అడుగులు, అడ్డంగా ఇరవై పైనే. మా వేదిక లోతు పదహారే. అందుకని సెమీస్‌కీ ఫైనల్‌కీ మధ్య కబడ్డీ కోర్టులోనే ఆడించాం. అక్కడ చోటుకి చోటు, ఆట కోసం వచ్చిన జనమూ కదలకుండా చూశారు. ఇది అనుకోకుండా కుదిరినా, మళ్లీ ఇలాగే పెడతాం.

ఫైనల్ పూర్తి నలభై నిమిషాలు ఆడించాం. ప్రైజులు మగవాళ్లకీ ఆడపిల్లలకీ సమానం, మొదటిది 10,000, రెండోది 6,000. ఆడపిల్లలకి సగం చాలన్న మాట కమిటీలో వచ్చింది, చందా ఇచ్చిన ఆడవాళ్లే దాన్ని పడనివ్వలేదు.

ఖర్చు: కబడ్డీ ప్రైజులు 32,000, జ్ఞాపికలు, శాలువాలు 4,500, కోలాటం కర్రలు, గజ్జెలు 3,000. కలిపి 39,500.
ఇప్పటిదాకా మొత్తం: 1,72,350

దశ 7: లెక్కలు, దాచినవి

గ్రౌండు, గదులు శుభ్రం చేయించడానికి 3,200. ఆఖరి మొత్తం: 1,75,550.

వచ్చినవి: ఊళ్లో చందాలు 1,42,700, హైదరాబాదులో, విదేశాల్లో ఉన్న మా ఊరివాళ్లు పంపింది 32,000, కబడ్డీ ఎంట్రీలు 11 × 500 కలిపి 5,500. మొత్తం 1,80,200. మిగులు 4,650. ఆడపిల్లల దగ్గర ఎంట్రీ తీసుకోలేదు. లెక్కల కాగితం పంచాయతీ ఆఫీసు గోడకీ రామాలయం అరుగు మీదా అంటించాం.

స్టీలు టేపు, ముగ్గు డబ్బాలు, కోలాటం కర్రలు స్కూలు స్టోర్ రూంలో ఉన్నాయి. పక్క ఊళ్లవాళ్లు అడిగితే ఇస్తాం.

వచ్చే ఏడాదికి ఇప్పటికే అనుకున్నవి: మిగిలిన డబ్బుతో కోర్టుకి సరిపడా టార్పాలిన్, భోగి రోజు కబడ్డీ రెండింటికి కాక ఒంటిగంటకే, ఆడపిల్లల గది సంగతి కరపత్రం మొదటి వరసలో, బుర్రకథ వాళ్లకి ఏడింటికే వేదిక. ఈ ఏడాది యుద్ధ ఘట్టం పూర్తిగా చెప్పలేకపోయారు కాబట్టి అదే బృందానికి, అదే కథకి అడ్వాన్సు ఇచ్చేశాం.